మా నాయన తుపాకీ ముక్కలైందా, లేదా?

సంపాదకులకు నమస్కారం.

నాకు 71 ఏళ్ళు. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. ఇంతకు ముందు మీ పత్రికకు రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి మంచినీళ్ళ గురించి, రెండోది పెన్షన్ల గురించి. రెండూ సగానికి సగం కత్తిరించి వేశారు. ఇది వాటికంటే పొడుగు. దయచేసి దీన్ని మాత్రం కత్తిరించకండి. ఇందులో కత్తిరించాల్సింది వేరే ఉంది.

2025 అక్టోబరు 17న ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయిన ఫోటో మీరూ వేశారు. ఒక చేతిలో రాజ్యాంగం, ఇంకో చేతిలో గులాబీ పువ్వు. అంతకు రెండు రోజుల ముందే మహారాష్ట్రలోని గడ్చిరోలిలో మన పెద్దపల్లి మనిషి, మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ మరో 60 మందితో కలిసి బయటికొచ్చాడు. జగదల్‌పూర్‌లో అప్పగించిన ఆయుధాలు 153. ఏకే-47లు 19, ఇన్సాస్‌లు 23, ఎస్సెల్లార్‌లు 17, పాత త్రీనాట్‌త్రీలు 36, మిగతావి రకరకాలవి. పేపరు మడిచి పెడుతుంటే మా ఆవిడ అడిగింది: "మనుషులకైతే పునరావాసం ఇస్తామంటున్నారు. మరి ఈ తుపాకుల్ని ఏం చేస్తారండీ?"

ఎన్నో ఏళ్ళు క్లాసులో ఎవరేమడిగినా ఏదో ఒక జవాబు చెప్పినవాణ్ణి. ఆ రోజు నోరు పెగల్లేదు. ఎందుకంటే 2012లో నేనే ఒక తుపాకీ అప్పగించాను. అది ఏమైందో నాకు ఇవాళ్టికీ తెలీదు.

అది మా నాయనది. మాది నల్లమల అంచున, మార్కాపురం వైపు ఒక ఊరు. నాయన ఊరి మునసబు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసేదాకా ఆ పని చేశాడు. తుపాకీ లైసెన్సు 1964లో వచ్చింది, అదీ కర్నూలు కలెక్టరాఫీసు నుంచి. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టనే లేదు, మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. పన్నెండు బోర్ సింగిల్ బ్యారెల్. మధ్యకు విరిచి, ఒక్క తూటా పెట్టి, మళ్ళీ మూసి కాల్చేది. నేనెరిగి దాన్ని దేని మీదా గురిపెట్టి కాల్చలేదు. కంది చేలోకి, వేరుశెనగ చేలోకి అడవి పందులు దిగితే మంచె మీద నుంచి ఆకాశంలోకి ఒక్కటి పేల్చేవాడు. ఆ చప్పుడుకు పందులు పోయేవి, ఊళ్ళో పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్ళు, తెల్లారి ఆ తల్లులు వచ్చి మా అమ్మను తిట్టిపోసేవాళ్ళు. దసరాకు దానికి పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళం. నెలకోసారి పాత పంచె గుడ్డ పేలికను ఇనుప చువ్వకు చుట్టి, కుట్టుమిషన్ నూనెలో ముంచి గొట్టంలో ఆడించే పని నాది. ఒకసారి చేతిలోంచి జారి అరుగు మీద పడి, భుజానికి ఆనించే మడమ చెక్క చీలింది. నాయన నన్నేమీ అనకుండా రాగి తీగ తెచ్చి వరసగా పదకొండు చుట్లు చుట్టాడు. ఆ పదకొండు చుట్లే దాని గుర్తు. నంబరు మర్చిపోయినా వాటిని మర్చిపోలేను.

1968 వేసవిలో ఒక పొద్దున నాయన చేలోంచి వచ్చి, తూటా తీయడం మరిచి, తుపాకీని గాదెకు ఆనించి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. మా తమ్ముడికి తొమ్మిదేళ్ళు. నేను అక్కడే ఎక్కాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. వాడు దాన్ని ఎత్తుకోబోయి బరువు ఆగక ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత నాకు గుర్తున్నది చప్పుడు కాదు, చప్పుడు తర్వాత వచ్చిన నిశ్శబ్దం. ఇంటినిండా పొగ. గాదె మీదికి జలజలా రాలిన మట్టి. అమ్మ నోరు తెరిచి అరుస్తోంది, నాకేమీ వినపడలేదు. సీసం గుండ్లు దూలంలోకి దిగాయి. మనిషికి తగల్లేదు. ఒక జానెడు ఇటు తిరిగి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. తమ్ముడికి మాత్రం ఆ రోజు నుంచి కుడి చెవి వినపడదు. ఊళ్ళోనే ఉంటాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఉండన్నా, ఎడమ చెవికి మార్చుకుంటా" అంటాడు. మూడు రోజులు నాయన అన్నం ముట్టలేదు. దూలం మార్చలేదు, ఆ గుండ్లు తీయనివ్వలేదు కూడా. ఇల్లు ఉన్నంత కాలం తలెత్తితే కనపడాలన్నాడు.

ఆ తర్వాత అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం వచ్చింది. మీ పాఠకుల్లో చిన్నవాళ్ళకు తెలీకపోవచ్చు. అప్పట్లో మా వైపు లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లంటే అటు అన్నలకూ కావాలి, ఇటు పోలీసులకూ కావాలి. పక్క ఊళ్ళో ఒక పెద్దాయన ఇంటికి రాత్రిపూట వచ్చి, మర్యాదగానే మంచినీళ్ళు అడిగి తాగి, డబుల్ బ్యారెల్ పట్టుకుపోయారు. తెల్లారి పోలీసులొచ్చి "నువ్వే ఇచ్చావా?" అని ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు. అది చూసి నాయన మర్నాడే మా తుపాకీని గోనెసంచిలో చుట్టి, ఆర్టీసీ బస్సులో వెళ్ళి స్టేషన్లో డిపాజిట్ చేసి వచ్చాడు. కండక్టరు సంచికి కూడా టికెట్ కొట్టాడట. ఏళ్ళ తరబడి అది అక్కడే ఉంది. నాయన రెన్యూవల్‌కు వెళ్ళినప్పుడల్లా జేబులో చిన్న నూనె సీసా వేసుకుని వెళ్ళేవాడు. పూయనిచ్చిన ఎస్సై ఉన్నాడు, పూయనివ్వని ఎస్సై ఉన్నాడు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం నక్సలైటు నాయకులు నల్లమలలో చిన్న ఆరుట్ల దగ్గర అడవిలోంచి బయటికొచ్చిన వార్త చదివి "ఇక మన తుపాకీ ఇంటికొస్తుందిరా" అన్నాడు. చర్చలు చెడిపోయాయి. తుపాకీ మాత్రం 2007లో ఇంటికొచ్చింది, గొట్టమంతా తుప్పు పట్టి. రాగి తీగ చిలుం పట్టి పచ్చగా ఉంది. చుట్లు లెక్కపెట్టాను, పదకొండూ ఉన్నాయి.

2011లో నాయన పోయాడు. లైసెన్సున్న మనిషి పోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. వారసులు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. గడువులోగా ఏదీ చేయకపోతే జిల్లా మెజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వపరం అవుతుంది. డిపాజిట్ చేసిన కొన్నాళ్ళకు ఒక డీలరు మనిషి వచ్చాడు. ఎనిమిది వేలు ఇస్తామన్నాడు. పాత సరుకే అయినా గొట్టం గట్టిదని మెచ్చుకున్నాడు. నాకు మా తమ్ముడి చెవి గుర్తొచ్చింది. ఎనిమిది వేలకు ఇంకొకళ్ళ ఇంటి గాదెకు దాన్ని ఆనించడం నాకు ఇష్టం లేకపోయింది. 2012లో స్టేషన్‌కు వెళ్ళి, మాకు లైసెన్సు వద్దు, డబ్బు వద్దు, దీన్ని నాశనం చేయండి అని తెల్లకాగితం మీద రాసిచ్చాను. రైటరు చదివి నవ్వాడు. "దానికో పద్ధతి ఉంటది మాస్టారూ, ఇక సర్కారు చూసుకుంటది. మీకెందుకు టెన్షను?" అన్నాడు. మంచివాడే, టీ కూడా తెప్పించాడు. రసీదులో నంబరు రాసి, కింద నేనడిగితే ఇంకో లైను రాశాడు: 'మడమ చెక్క పగిలి రాగి తీగ చుట్టబడియున్నది.'

సరే, అయిపోయిందనుకున్నాను.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టమంటారు కదా, 2014 ఎన్నికల కోడ్ రాగానే ఫోన్ వచ్చింది. "మీ వెపన్ ఇంకా డిపాజిట్ చేయలేదండీ." ఇచ్చేసి రెండేళ్ళయిందని చెప్పాను. సరేనన్నారు. 2019 మార్చిలో మళ్ళీ ఫోన్. ఈసారి రసీదు పట్టుకుని నేనే వెళ్ళాను. కుర్ర కానిస్టేబులు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా "లిస్టులో పేరుంది సార్" అన్నాడు. "ఆ పేరు మా నాయనది బాబూ, ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది" అన్నాను. "అయితే ఆయన్నే ఒకసారి వచ్చి సంతకం పెట్టమనండి" అన్నాడు. మాట నోటినుంచి వచ్చాక వాడే నాలిక కరుచుకున్నాడు, నేనూ నవ్వేశాను. 2024 మార్చిలో మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. అప్పగించిన తుపాకీ ఇంకా మా ఇంట్లోనే ఉందని కాగితం చెబుతోందంటే, అది నిజంగా ఎక్కడుందో ఆ కాగితానికి తెలీదనే కదా అర్థం.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మొదటి ఆఫీసు 'సదరు ఆయుధము పై కార్యాలయమునకు పంపబడినది' అంది. పై కార్యాలయం 'పాత రికార్డు పరిశీలనలో ఉన్నది' అంది. ఆ పరిశీలన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఈ గోడు ఒక్క ఆఫీసుది అయితే ఉత్తరం రాయకుండా నేరుగా వెళ్ళి కూర్చునేవాణ్ణి.

నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాడు. తుపాకులు రిపేరు చేయడమే అతని ఉద్యోగం. అబ్బాయి అంటున్నాను గానీ అతనికీ మనవలున్నారు. పోయిన సంక్రాంతికి ఇంటికొస్తే ఈ సంగతంతా చెప్పాను. వాళ్ళు ఆయుధాల గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. రోజూ వాడే సొంత తుపాకులకు అక్కడ పూటపూటకూ లెక్క ఉంటుందట. ఒక్క తూటా తేడా వచ్చినా మనిషికి నిద్రుండదట. అప్పగించినవి, పట్టుకున్నవి మాత్రం వేరే లోకం. "అవి ఎవరివీ కావు సార్. కేసువైతే కోర్టు ఆర్డరు రావాలి, లైసెన్సువైతే కలెక్టరాఫీసు ఉత్తర్వు రావాలి. వచ్చేలోపు చార్జి మారుతుంది. కొత్తగా వచ్చినాయన పాత లిస్టు మీద సంతకం పెడతాడు, మూటలు విప్పి చూడడు. చీటీలు చెదలు తింటాయి" అన్నాడు.

పగలగొట్టడం ఎలా ఉంటుందని అడిగాను. చాలామంది గొట్టాన్ని వంచితే, మడమ విరిస్తే తుపాకీ చచ్చిపోయిందనుకుంటారట. మడమ చెక్కే కదా, ఏ వడ్రంగైనా చేసిస్తాడు. గొట్టాన్ని మధ్యకు రెండుగా కోస్తే ఇంకా ప్రమాదమట. ఆ ముక్కలతో నాటు పిస్తోళ్ళు కట్టేవాళ్ళున్నారు. వాళ్ళకు మంచి గొట్టం దొరకడమే కష్టం, మిగతాదంతా లేతు మిషనుంటే చాలు. అందుకని తూటా కూర్చునే గది ఉంటుందే, గొట్టం మొదట్లో, దాని మధ్యగా గ్యాస్ కట్టర్ పోవాలి. ట్రిగ్గరు, దాని పైన తాళం బిగించి ఉండే ఇనుప పెట్టె రెండు చోట్ల తెగాలి. తెగిన చోట ఇనుము కరిగి జారాలి. రంపంతో నున్నగా కోస్తే మళ్ళీ వెల్డింగ్ పెట్టొచ్చు, కరిగి జారింది అతకదు. ఆ తర్వాత ముక్కలు ఉక్కు ఫర్నేసులోకి. ఇదంతా టీ తాగుతూ, మా ఇంటి గొడుగును తుపాకీలా పట్టుకుని, వేలితో ఇక్కడ, ఇక్కడ అని గీతలు గీసి చూపించాడు. పని మొత్తం ఒక్కో తుపాకీకి ఐదు నిమిషాలు కూడా పట్టదట. చీమకుర్తిలో గ్రానైట్ కొండల్నే పలకలుగా కోసి ఓడలెక్కిస్తున్న జిల్లా మాది. ఒక ఇనుప గొట్టాన్ని కోయడానికి ఇన్నేళ్ళు చాలలేదా?

'మూలన పడుంటే నీకొచ్చిన నష్టమేంటి?' అనేవాళ్ళుంటారు. మూలన పడున్నవి మూలనే ఉండవు. 2018లో బీహార్‌లోని ముంగేర్‌లో ఏకే-47లు వరసగా బయటపడ్డాయి. ఇళ్ళలో, భూమిలో పాతిపెట్టి, చివరికి బర్దా అనే ఊళ్ళో బావిలోంచి కూడా తీశారు. మొత్తం ఇరవై పైనే దొరికాయి. తీగ లాగితే మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డ్‌నెన్స్ డిపో దాకా వెళ్ళింది. పాతబడ్డాయని పక్కన పెట్టిన రైఫిళ్ళ భాగాలు అక్కడినుంచి జారిపోతే, ఒక రిటైర్డ్ ఆర్మరర్ వాటిని ఇంట్లో కూర్చుని జత చేసి అమ్మాడని కేసు. సైన్యం డిపో అది, కాపలాకు కొదవ లేదు. అక్కడే పనికిరానివని రాసిపెట్టిన సరుకు లేచి నడిచి వెళ్తే, రేకుల గదిలో గోనెసంచుల కింద ఉన్న మా నాయన తుపాకీకి కాళ్ళు లేవని ఎలా నమ్మను? మా ఆర్మరర్ శిష్యుడు ఈ సంగతి చెప్పేటప్పుడు సిగ్గుపడ్డాడు. తన వృత్తివాడు కదా.

మణిపూర్ సంగతి అందరికీ తెలిసిందే. 2023 మేలో గొడవలు మొదలయ్యాక పోలీసుల ఆయుధాగారాల్లోంచి జనం ఎత్తుకుపోయినవి ఆరు వేల దాకా ఉన్నాయన్నారు. 2025 ఫిబ్రవరిలో గవర్నరు గడువు పెట్టి తిరిగివ్వమంటే వెయ్యి దాకా వచ్చాయి. వాటిలో ప్రభుత్వానివైతే మళ్ళీ ఆయుధాగారానికే పోతాయి. ఆ తేడా నాకు తెలుసు. జగదల్‌పూర్ బల్లల మీద పరిచిన త్రీనాట్‌త్రీలు, ఎస్సెల్లార్‌లు, ఇన్సాస్‌ల మాటకొస్తే, అలాంటివి చాలావరకు ఒకప్పుడు పోలీసుల దగ్గర, జవాన్ల దగ్గర లాక్కున్నవే. వాటిని కోసేయమని నేననను. ఏ జవాను చేతిలోంచి పోయిందో ఆ నంబరు చూసి తేల్చుకోవాల్సిన లెక్కలు కొన్ని కుటుంబాలకు ఉంటాయి. నా భయం నంబరు లేని వాటి గురించి. నాటు తుపాకులు, మందు కూరే బర్మార్లు, అడవిలో కొలిమి పెట్టి చేసిన గ్రెనేడ్ గొట్టాలు. వాటికి పుట్టిన తేదీ లేదు, పేరు లేదు. పదింటిలో ఒకటి తగ్గితే ఏది తగ్గిందో చెప్పే వీలే లేదు. పంచనామా అయి, ఫోటో తీసి, కోర్టుకు అక్కర్లేదని తేలిన మర్నాడే తెగాల్సినవి అవి.

కోర్టు అంటే గుర్తొచ్చింది. కేసుల్లో స్వాధీనం చేసుకున్న వస్తువులు స్టేషన్లలో ఏళ్ళ తరబడి పడి ఉండకూడదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టంలోనైతే వస్తువులకు ఫోటోలు, వీడియో తీయాలన్నారు, వాటి వివరాల పట్టీకీ, వాటిని ఏం చేయాలన్న ఉత్తర్వుకూ రోజుల లెక్కన గడువులు పెట్టారు. చట్టం రాసినవాళ్ళను తప్పు పట్టడానికేమీ లేదు.

ఇంకో ముచ్చట కూడా మన దేశంలో నడిచింది. కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్న విదేశీ పిస్తోళ్ళు, రివాల్వర్లను ఎంపీలకు, పెద్ద ఆఫీసర్లకు అమ్మేవాళ్ళు. స్మగ్లరు దగ్గర ఉంటే నేరం, ఎంపీగారి దగ్గర ఉంటే హోదా. పట్టుకున్న గంజాయిని, సారాను అలా పంచలేదు కదా! అవి ధ్వంసం చేసే ఫోటోలు నెలనెలా మీ పత్రికలోనే చూస్తుంటాం. మా ఒంగోలు పేపర్లోనే సీసాల మీద రోడ్డు రోలరు ఎక్కించిన ఫోటోలు ఎన్ని చూశానో. తుపాకుల మీద రోలరు ఎక్కించిన ఫోటో ఈ డెబ్భై ఏళ్ళలో మన పేపర్లో ఒక్కటి చూసిన గుర్తు లేదు.

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. 2018లో అక్కడ మూడు నెలలున్నాను. పొద్దున నడకలో ఎదురింటి ముసలాయన తోడొచ్చేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, నాది ఆయనకు సగం. ఒకరోజు మాటల్లో మా నాయన తుపాకీ సంగతి చెబితే ఆయన ఆగిపోయి తన కథ చెప్పాడు. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. 12 రోజుల్లో అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని జాన్ హోవార్డ్ ప్రభుత్వం రాష్ట్రాలన్నిటితో ఒప్పందం కుదుర్చుకుని, కొన్ని రకాల తుపాకుల్ని డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. ఆ డబ్బు కోసం జనం మీద కొంచెం పన్ను కూడా పెంచారు. ఏడాదిలో దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వచ్చాయి. ఈయన కుందేళ్ళను కొట్టే రైఫిల్ తీసుకెళ్ళాడట. నంబరు రాసుకున్నారు, చెక్కుకు కాగితం ఇచ్చారు, ఆయన చూస్తుండగానే పెద్ద కత్తెరలాంటి మిషన్లో పెట్టి నొక్కారు. 'బిస్కెట్ విరిగినట్టు విరిగింది' అని రెండు చేతులతో చూపించాడు. కోపమొచ్చిందా అని అడిగాను. ఆ రోజు చాలా వచ్చిందన్నాడు. ఇంటికెళ్ళాక పడుకుంటే నిద్ర పట్టిందన్నాడు.

అక్కడితో వాళ్ళ కష్టాలు తీరిపోయాయని నేననడం లేదు. 2025 డిసెంబరు 14న సిడ్నీ బాండై బీచ్‌లో 15 మంది చనిపోయారు, అదీ లైసెన్సున్న తుపాకులతోనే. మళ్ళీ కొనుగోలు పథకం పెడతామని వాళ్ళ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి అమ్మాయికి పదిసార్లు ఫోన్ చేశాను, మెల్‌బోర్న్‌కూ సిడ్నీకీ మధ్య ఎంత దూరమో తెలిసి కూడా. ఆ ముసలాయనకు దక్కింది, నాకు దక్కనిది ఒక్కటే ఉంది. తన తుపాకీ ఎప్పుడు విరిగిందో ఆయనకు తెలుసు.

కళ్ళతో చూసిన సాక్షి ఉండాలి. ఉత్తర ఐర్లండ్‌లో 2005లో ఐఆర్‌ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) అనే సాయుధ దళం వాళ్ళు ఆయుధాలు వదిలేసినప్పుడు కెనడా జనరల్ ఒకాయన ఆధ్వర్యంలో వాటిని పనికిరాకుండా చేశారు. ఫోటోలు ఇవ్వలేదు. కానీ ఒక కేథలిక్ ఫాదర్‌నీ, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్‌నీ పక్కన నిలబెట్టి చూపించారు. ఇద్దరూ బయటికొచ్చి, చూశాం అని చెప్పారు. అయినా నమ్మనివాళ్ళు నమ్మలేదనుకోండి. కానీ చెప్పడానికి రెండు నోళ్ళున్నాయి.

అంత దూరం ఎందుకు, సోషల్ మాస్టార్ని కాబట్టి ఈ ఒక్కటీ చెప్పనివ్వండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు, తూటాలు పట్టుకెళ్ళేముందు ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టాడని చెబుతారు. ఏటా ఆ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఆ చోటే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎత్తుకుపోయినవాడే లెక్క రాసిచ్చాడు. చేతులారా తెచ్చి ఇచ్చినవాడికి లెక్క చెప్పడానికి ఏమడ్డొచ్చింది?

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏడాదికి ఒక్కరోజు పెట్టండి. జులై 9ని ఆయుధాల ధ్వంసం రోజుగా ప్రపంచంలో కొన్ని చోట్ల పాటిస్తారు, అదే పెట్టుకోండి, లేదంటే ఇంకేదైనా. ఆ రోజు జిల్లాలో కేసులు తేలిపోయినవీ, ప్రభుత్వపరమైనవీ అన్నీ పోలీసు పరేడ్ గ్రౌండుకు రానివ్వండి. నంబర్ల పట్టీ ముందురోజే పేపర్లో వేయండి. కోర్టు మనిషి ఒకరు, తహసీల్దారు ఒకరు, ఊళ్ళోవాళ్ళు ఇద్దరు, విలేకర్లు ఉండనివ్వండి. గ్యాస్ కట్టర్ ఆ శిష్యుడు చెప్పిన చోటే పోతోందో లేదో చూడ్డానికి ఒక ఆర్మరర్ ఉండాలి. అప్పగించినవాడికి నాలుగు లైన్ల కాగితం: ఫలానా నంబరు, ఫలానా తేదీన ముక్కలు చేయబడినది. ఆ కాగితం వస్తే కంప్యూటర్లో మా నాయన పేరు కూడా తీసేయక తప్పదు. ఎన్నికలకు ఎన్నికలకూ పోయినాయనకు ఫోన్లు తప్పుతాయి. పాత సంస్థానాల తుపాకులు, చరిత్ర ఉన్నవి మ్యూజియంకు పంపమంటారా, పంపండి. మా తుపాకీకి చరిత్రేమీ లేదు. మా తమ్ముడి కుడి చెవి, మా దూలం, అంతే.

ఇంకోమాట. ఇలాంటి కాగితం ఇస్తారని తెలిస్తే ఇంకా చాలామంది తెచ్చి ఇస్తారు. మా ఊరి పక్క తండాలో ఒకతను పోయిన ఏడాది నన్నడిగాడు, "సార్, మా తాతది మందు కూరే తుపాకీ అటక మీదుంది, ఇచ్చేస్తే కేసు పెడతారా?" అని. నాకు తెలిసిన లాయరు దగ్గరికి వెళ్ళమన్నాను. వెళ్ళినట్టు లేదు. నా సంగతి చూశాక నేనైనా ధైర్యం చెప్పలేకపోయాను.

రసీదు జిరాక్సు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అందులోని నంబరు మాత్రం అచ్చు వేయకండి. అసలు కాగితం నాయన లైసెన్సు పుస్తకంలోనే పెట్టి ట్రంకు పెట్టెలో ఉంచాను. సంబంధిత ఆఫీసువాళ్ళు ఈ ఉత్తరం చదివితే, గోనెసంచుల కింద వెతకండి. చీటీ చెదలు తినేసి ఉంటుంది. మడమ మీద రాగి తీగ పదకొండు చుట్లుంటుంది. దొరికితే కోసే రోజు చెప్పండి. మా తమ్ముణ్ణి కూడా తీసుకుని పొద్దున్నే బస్సుకు వస్తాను. వాడు ఎడమ చెవి మూసుకుని నిలబడతానంటున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
ఒంగోలు
(పేరు, చిరునామా మీకు విడిగా రాశాను. ప్రచురించవద్దని మనవి.)